పేష్కషు విక్రయము

క్రీ. శ. 1823వ సంవత్సరమున హైదరాబాదు నిజాము సర్కారువారు తమకు ఏటేట 7 లక్షల రూపాయలు తెచ్చిపెట్టుచుండిన యొక శాశ్వతాదాయమును 1,16,66,666 రూపాయల రొక్కమునకు వదలుకొనిరి. కొన్నవారు ఈస్టిండియా కంపెనీవారు. ఆ ఆదాయమును అంతవఱకు చెల్లించుచుండినవారును వారే. బాకీదారుడు తన బాకీని తానే కొనుక్కొనెనన్నమాట.

ఈ బేరమునకు చరిత్రగ్రంథములలో ఒకటి రెండు వాక్యములకు మించి చోటు దొరకుట అరుదు. అయినను తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. ఆ 7 లక్షలు పండినది కృష్ణా గోదావరీ తీరముల నేలపై. అమ్ముడుపోయినది చార్మినారు చెంత, పాతనగరపు దేవిడీలలో. నడచుచున్న రాబడిని నడుమ విఱిచి రొక్కము చేసికొనవలెనా, ఓర్చి నిలుపుకొనవలెనా యను తర్కము పుట్టని సంసారము లేదు. ఒక రాజ్యమునకే ఆ తర్కము పుట్టినప్పుడు లెక్క యెట్లు తేలినదో విచారింపదగియున్నది.

ముందుగా ఆ రాబడి పుట్టుక. ఉత్తర సర్కారులనగా గుంటూరు, కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు అను నైదు. 1765లో కంపెనీవారు మొగలు చక్రవర్తి షా ఆలమువద్ద వీనికి ఫర్మానా సంపాదించిరి. కాగితము ఢిల్లీది, నేలపై అధికారము హైదరాబాదులోని నిజాము అలీఖానుది. కాగితముతో నేల దున్నుట సాగదని కంపెనీవారు త్వరలోనే గ్రహించి జనరల్ కాలియాడును హైదరాబాదునకు పంపిరి. ఆ రాయబారమున దుబాసీయై మాట సాగించినవాడు కాండ్రేగుల జోగిపంతులు. 1766 నవంబరు 12వ తేదీన సంధి జరిగెను. ఏటికి 9 లక్షలు పేష్కషు చెల్లించునట్లు మొదటి ఒడంబడిక. 1768 నాటి రెండవ సంధిలో అది తగ్గి, గుంటూరు గాక తక్కిన సీమలకు 5 లక్షలు, గుంటూరు చేతికి వచ్చిన పిదప మఱి 2 లక్షలు అని స్థిరపడెను. గుంటూరు అప్పటికి నిజాము సోదరుడు బసాలత్ జంగునకు జీవితకాలపు జాగీరు. అతడు 1782లో మరణించినను ఆ సీమ కంపెనీ వశమగుటకు 1788 వచ్చినది. నాటినుండి పేష్కషు నిండు 7 లక్షలు.

పేష్కషు అనగా క్రిందివాడు పైవానికి సమర్పించు సొమ్ము. సర్కారుల జమీందారులు కంపెనీకి కట్టిన శిస్తునకును ఇదే పేరు. 1802 నాటి శాశ్వత పైసలా మొదలుకొని 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువఱకు ఈ మాట మన దస్తరములలో వాడుకలో నుండెను. రైతు జమీందారునకు, జమీందారు కంపెనీకి, కంపెనీ నిజామునకు చెల్లించుకొనుట ఆనాటి వరుస. యుద్ధములు గెలిచి రాజ్యములు కట్టుకొనుచున్న కంపెనీకి ఈ వరుసలో తనకు దొరికిన స్థానము రుచింపలేదు. 1779లో మదరాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డు ఈ సొమ్ము ఎగవేయదలచి, హాలండు అను నుద్యోగిని హైదరాబాదునకు పంపి పేష్కషు మాఫీ చేయుమని యడిగించెను. నిజాము అలీఖాను ఆగ్రహించెను. కలకత్తాలోని వారన్ హేస్టింగ్సు ప్రభుత్వము కూడ ఆ పనిని తప్పుపట్టెను. ఈ రంబోల్డు పేరును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక. అతని మనుమడు మరల కథలోనికి వచ్చును.

ఇక హైదరాబాదు. నిజాము అలీఖాను తరువాత 1803లో గద్దెనెక్కిన సికందర్ జా రాజ్యవ్యవహారములకు దూరముగా కాలము గడపెను. అతడు నివసించిన పురానీ హవేలీ నేటికిని పాతనగరమున నిలిచియున్నది. దివాను పదవి పేరునకు మునీరుల్ ముల్కుది. పెత్తనమంతయు పేష్కారు చందూలాలుది. ఇతడు ఖత్రీ కులజుడు, పార్శీ ఉర్దూ భాషలలో 'షాదాన్' అను మకుటముతో కవిత్వము చెప్పిన రసికుడు, పెద్ద దాత. పాతనగరములో చందూలాలు బారాదరి అను పేరు నేటికిని వాడుకలో నున్నది. ఇచ్చుటలో ఇతని చేయి యెంత పెద్దదో, అప్పు చేయుటలోను అంత పెద్దది. నన్నయగారి సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, నీ వ్యయము ఆదాయములో సగమును దాటకున్నదిగదా యని విచారించును. చందూలాలు ఖాతాలో వ్యయము ఆదాయమునే దాటియుండెను.

దానికి ఇతనినొక్కని దూషించుట న్యాయము కాదు. రెసిడెంటు హెన్రీ రస్సెలు కాలమున కూర్చబడి, తెల్లదొరల క్రింద నడచిన కంటింజెంటు సైన్యమునకే ఏటికి సుమారు 40 లక్షలు కావలసివచ్చెను. ఆ జీతములు నెలనెలకు చెల్లవలెను. శిస్తు పంటనుబట్టి గాని రాదు. ఈ రెంటి నడుమ ఎడమును పూడ్చుటకు తాలూకాలు ఇజారాకిచ్చి ముందు సొమ్ము తీయుట, రాబోవు శిస్తులపై షావుకార్లకు తన్ఖాలు వ్రాసియిచ్చుట మరగిరి. పైరు కల్లములోనికి రాకముందే దాని విలువ వేఱొకని పెట్టెలో పడుచుండెను.

ఇట్టి సమయమున 1814లో విలియం పామర్ హైదరాబాదున వడ్డీ దుకాణము తెఱచెను. తండ్రి కంపెనీ సైన్యమున జనరలు, తల్లి మొగలు కుటుంబమునకు చెందిన ఫైజ్ బక్షు. పేరు పామరైనను పనిలో ఇతడు పామరుడు గాడు. నిజాము కొలువున సేనానిగా నుండి రాజ్యపు టవసరములు ఎఱిగినవాడు. బంకటీదాసు అను గుజరాతీ షావుకారును భాగస్వామిగ చేర్చుకొనెను. దుకాణము ముసీకి ఉత్తరపు గట్టున, రెసిడెన్సీ చెంత. నగరపు కోటకు వెలుపలనున్నను నగరపు ఖజానాతాళము క్రమముగా అచ్చటికి చేరెను.

తెల్లవారు దేశీయ ప్రభువులకు గవర్నరు జనరలు అనుమతి లేక అప్పులిచ్చుట 1797 నాటి ఇంగ్లీషు చట్టముచే నిషిద్ధము. పామర్ కంపెనీకి 1816లో ఆ అనుమతి సులభముగ దొరికెను. కారణము వెదుక నక్కఱలేదు. భాగస్థులలో సర్ విలియం రంబోల్డు ఒకడు. అతని భార్య నాటి గవర్నరు జనరలు మార్క్వెస్ హేస్టింగ్సు సంరక్షణలో పెరిగిన యువతి. ఈ రంబోల్డు, పూర్వము పేష్కషు ఎగవేయజూచిన మదరాసు గవర్నరునకు మనుమడు. తాత అడిగి పొందలేనిది మనుమడు చేరిన దుకాణపు బాకీవలన కంపెనీకి సిద్ధించుట చరిత్రలోని వింతలలో నొకటి.

దుకాణము వడ్డీ నూటికి సాలీనా 24, 25 వఱకు. మన గ్రామముల లెక్కలో చెప్పవలెనన్న నెలకు రెండు రూపాయల వడ్డీ, పై చిల్లర వేఱు. కంపెనీ ఉద్యోగులు మొదలగువారు తమ నిలువ ధనమును రూపాయి వడ్డీకి ఈ దుకాణమున దాచుకొనిరి. రూపాయికి తెచ్చి రెండు రూపాయలకు ఇచ్చువానికి అన్నివిధముల లాభమే, బాకీదారుడు చెల్లించుచున్నంతవఱకు.

1820లో 60 లక్షల అప్పు పుట్టెను. పాత బాకీలు తీర్చి, వడ్డీ తగ్గించి, రాజ్యమును కుదుటపఱచుటకని చెప్పి కలకత్తానుండి అనుమతి తెచ్చిరి. అచ్చటి సభలో అభిప్రాయములు చీలగా గవర్నరు జనరలు తన ఓటుతో దీనిని నెగ్గించెను. వడ్డీ రూపాయిన్నర, అనగా నూటికి 18. చూచుటకు మేలుగనే యున్నది. తరువాత విచారింపగా అందు 8 లక్షలు దుకాణమునకు బోనసు అని తేలెను. అనగా చేరినది 52 లక్షలు, వడ్డీ కట్టవలసినది 60 లక్షలపై. ఏటి వడ్డీ 10,80,000 రూపాయలను 52 లక్షలకు పంచిన నూటికి 20 రూపాయల 12 అణాలు పడును. ఆ 52 లక్షలును రొక్కముగ ఖజానా గడప దాటి లోనికి వచ్చినవి కావు. పెద్దభాగము పాత ఖాతాలో కొట్టివేసి క్రొత్త ఖాతాలో ఎక్కించిన అంకెలే. పద్దు మార్పుతో బాకీ తీరదని బడిపంతులుకు సైతము తెలియును.

ఆ యేటి చివర రస్సెలు స్థానమున రెసిడెంటుగ వచ్చిన చార్లెస్ మెట్కాఫు ఈ ఖాతాలను తవ్వి బయటపెట్టెను. అతడు మొదట సూచించిన మార్గము చాల సరళము: గవర్నమెంటు పూచీపై కలకత్తాలో నూటికి 6 వడ్డీకి, అనగా అర్ధరూపాయి వడ్డీకి, నిజామునకు అప్పు ఇప్పించి, దానితో పామర్ కంపెనీని తీర్చివేయుట. అర్ధరూపాయి అప్పుతో రెండు రూపాయల అప్పును తీర్చుటలో గ్రహింపరానిదేమియు లేదు. హేస్టింగ్సు దీనిని అంగీకరింపలేదు. పైగా మెట్కాఫుపై కినుక వహించెను. లండనులోని డైరెక్టర్లు మాత్రము దుకాణపు వ్యవహారమును గట్టిగ ఖండించిరి. 1823 జనవరిలో హేస్టింగ్సు దేశము విడిచెను. తాత్కాలికముగ గవర్నరు జనరలైన జాన్ ఆడం కాలమున ఉపాయము మాఱెను. అప్పునకు బదులు పేష్కషు కొనుగోలు ముందునకు వచ్చెను.

బేరపు అంకె ఎట్లు వచ్చినదో మొదట చూతము. 1,16,66,666 రూపాయలను నూటికి 6 వంతున వడ్డీకిచ్చిన ఏటికి 7 లక్షలు వచ్చును. అనగా 16 సంవత్సరముల 8 నెలల రాబడిని ఒక్కమాఱు చేతిలో పెట్టిరి. దీనిని దగా యనుట చెల్లదు. 1823 మొదలు 1947 వఱకు 124 ఏండ్లకు 7 లక్షల వంతున 8 కోట్ల 68 లక్షలు పోయెనని లెక్క చెప్పి వాపోవువారు, ఆ కోటి పదునాఱు లక్షలను అర్ధరూపాయి చక్రవడ్డీకి త్రిప్పిన 12 ఏండ్లకొకమాఱు రెట్టింపగునని మఱచుచున్నారు. ధర న్యాయమైనదే. ఆక్షేపింపవలెనన్న, నూటికి 5 వంతున కట్టియుండిన 1 కోటి 40 లక్షలు వచ్చెడిదనవచ్చును. అమ్మువాడు అవసరములో నున్నప్పుడు ఆ ఒక్క రూపాయి భేదము కొనువాని పక్షమే చేరును.

అమ్ముటకు కారణము ఇంకను బలమైనది. కోటి పదునాఱు లక్షల చిల్లర బాకీకి నూటికి 24 వంతున ఏటి వడ్డీ సరిగా 28 లక్షలు. అదే విలువగల పేష్కషు తెచ్చునది 7 లక్షలు. రాబడిని దాచుకొని బాకీని మోయుచున్నంతకాలము ఏటికి 21 లక్షలు ఊరక నీటిపాలగును. పొలము నూటికి ఆఱు పండించుచుండగా, దాని గట్టుమీద కూర్చున్న షావుకారు నూటికి ఇరువదినాలుగు లాగుచుండిన, పొలముపై మమకారమెంత యున్నను ఆ రైతు నిలువలేడు. ఈ లెక్కను బట్టి చూడగా 1823లో పేష్కషును రొక్కము చేసికొనుట తప్పనిసరియే కాదు, ఆలస్యముగ జరిగిన మంచిపని యనియు తోచును.

కాని అమ్మకమునకును మోతకును నడుమ తాకట్టు అనునది యొకటి కలదు. మెట్కాఫు మొదట చెప్పిన అర్ధరూపాయి అప్పు దొరకియుండిన, పేష్కషును అమ్మక, దానినే ఆ అప్పునకు చూపించియుండవచ్చును. కంపెనీకి ఇంతకన్న గట్టి పూచీ లేదు; తాను ఇయ్యవలసిన సొమ్మును తానే బిగబట్టుకొనవచ్చును గదా. 60 లక్షల అసలుపై మొదటియేటి వడ్డీ 3,60,000. పేష్కషు 7 లక్షలలో ఇది పోగా 3,40,000 అసలునకు జమపడును. రెండవయేట వడ్డీ తగ్గి జమ పెరుగును. ఇట్లు 12 కిస్తీలు గడచునప్పటికి మిగులునది 2,65,000 లోపు. పదుమూడవయేట అదియు తీరి, ఇంకను కొంత సొమ్ము చేతికి వచ్చును. బాకీ 80 లక్షలైనచో ఇదే వంతున 20 ఏండ్లలో, కోటియైనచో 34వ యేట తీరిపోవును. ఖజానానుండి వేఱొక రూపాయి తీయ నక్కఱలేదు. ఆ తరువాత 7 లక్షలును ఎప్పటివలె హైదరాబాదు చేరుచుండును.

మూలధనము చెడకుండ ఋణము తీర్చు ఈ త్రోవ ఏల తప్పిపోయెను? నిజాము కొలువులో దీనికై పట్టుబట్టిన జాడ లేదు. చందూలాలునకు కావలసినది ఆ యేడు గట్టెక్కుట. సికందర్ జాకు కావలసినది తనను విసిగింపకుండుట. కంపెనీకి కావలసినది మాత్రము స్పష్టము. అప్పు ఇచ్చిన అప్పుదాతయే యగును. కొన్నచో ఏబది యేండ్లకు పైబడి తన మెడలోనున్న పేష్కషుదారు అను బిరుదు తొలగిపోవును. గంజామునుండి గుంటూరు వఱకు నేల ఎవరికిని తల వంచకుండ తనదగును. నిజాము పక్షమున అమ్ముడుపోయినది 7 లక్షల రాబడి. కంపెనీ పక్షమున కొనబడినది 7 లక్షలతోబాటు ఒక మర్యాద. ఆ మర్యాదకు ధర కట్టినవారు లేరు, అడిగినవారును లేరు.

వచ్చిన సొమ్ములో అధికభాగము పామర్ కంపెనీ ఖాతాకు చెల్లువ్రాయబడెను. ఇంత సొమ్ము చేరినను, గవర్నమెంటు అనుగ్రహము తప్పిన ఆ దుకాణము 1824లో కుప్పకూలెను. రూపాయి వడ్డీకి ఆశపడి కడవఱకు సొమ్ము తీయక కూర్చున్నవారు చిక్కుపడిరి. పామర్ మాత్రము హైదరాబాదును విడువలేదు. 1867లో అచ్చటనే మరణించెను.

రెండు రూపాయల వడ్డీ నోరు మూతపడినది గనుక ఏటికి 21 లక్షలు మిగులవలెను. మిగిలెనా? కొంతకాలము మెట్కాఫు జిల్లాలలో తెల్ల ఉద్యోగులను నిలిపి శిస్తు బందోబస్తు చూపించుటచే రాబడి కుదుటపడెను. 1829లో సికందర్ జా గతించి నాసిరుద్దౌలా గద్దెనెక్కగానే ఆ పర్యవేక్షణ వలదని కోరెను, కంపెనీ ఒప్పుకొనెను. చందూలాలు పెత్తనము పూర్వపు త్రోవనే పట్టెను. మరల ఇజారాలు, మరల తన్ఖాలు. పామర్ పోగా ఆ స్థానమున పెస్తన్‌జీ విక్కాజీ వంటి పారసీ షావుకార్లు, బేగంబజారు, కార్వాను కోమట్లు, మార్వాడీలు నిలిచిరి. పెస్తన్‌జీకి బేరారు రాబడులు తన్ఖాగ పోయెను. 1843లో చందూలాలు పదవి వదలుకొనెను, రెండేండ్లకు మరణించెను. 80 లక్షల తాకట్టు లెక్క ప్రకారము పేష్కషు విడుదలై రావలసిన యేడు సరిగా ఆ 1843.

కంటింజెంటు జీతములు మాత్రము తఱుగలేదు. నిజాము ఖజానా ఇయ్యలేనప్పుడు కంపెనీయే చెల్లించి నిజాము పేర బాకీ వ్రాసికొనుచు వచ్చెను. ఈమాఱు అమ్ముటకు పేష్కషు లేదు. డల్హౌసీ ఒత్తిడికి లోబడి నాసిరుద్దౌలా 1853 మే 21వ తేదీన బేరారును, రాయచూరు అంతర్వేదిని, నల్దుర్గము సీమను కంపెనీ చేతిలో పెట్టెను. కొలదిదినములలోనే దివానుగిరీ ఇరువదినాలుగేండ్ల సాలార్‌జంగు చేతికి వచ్చెను. ఇజారాలను మాన్పి, తన్ఖాలను విడిపించి, ఖజానాకు ఒక పద్ధతి ఏర్పఱచినది అతడు. 1857 తరువాత ఇంగ్లీషువారు కృతజ్ఞులై, 1860లో రాయచూరును నల్దుర్గమును తిరిగి ఇచ్చి 50 లక్షల బాకీని రద్దుచేసిరి. బేరారు మాత్రము వారి చేతనే యుండిపోయెను.

దానిని గూర్చి 1902లో కర్జను, మహబూబ్ అలీఖానుల నడుమ ఒడంబడిక జరిగెను. ఏటికి 25 లక్షల శాశ్వతపు కౌలునకు బేరారును ఇంగ్లీషువారు ఉంచుకొనుటకు నిశ్చయమాయెను. అప్పటికి హైదరాబాదు ప్రభుత్వము ఇండియా గవర్నమెంటునకు కొంత ఋణపడియుండెను. నూటికి 6 వంతున కట్టిన 25 లక్షల కౌలు విలువ 4 కోట్లకు పైమాట. అమ్మజూచియుండిన బాకీలన్నియు ఒక్కనాట తీరి రొక్కము మిగిలెడిది. ఈసారి అమ్మలేదు. కౌలు సొమ్ములోనుండి ఏటేట కొంత మినహాయించుకొని గవర్నమెంటువారు తమ అప్పును జమకట్టుకొనునట్లు ఏర్పాటు జరిగెను. ఎనుబది యేండ్ల క్రిందట 7 లక్షలపై జరుగవలసిన ఏర్పాటు ఇదియే. అప్పు తీరిన పిదప బేరారు కౌలు నిండుగ 25 లక్షలును హైదరాబాదు ఆదాయపు పద్దులో పడుచుండెను, ఇంగ్లీషువారు దేశము విడుచునంతవఱకు.